అత్తయ్య కూర్చోని బెంచీ

బెంచీ చెయ్యాలన్న ఆలోచన జోస్నాకి వేదవతిగారి మోకాళ్ళ వల్ల పుట్టింది.

కార్తీక్ తల్లి వేదవతి వీళ్ళిద్దరి పెళ్ళికి రిజిస్ట్రార్ ఆఫీసుకి వచ్చింది, అక్షింతలు వేసింది, ఫొటోలో నవ్వింది కూడా. ఆ తర్వాత మాత్రం వనస్థలిపురం నుంచి కొత్తపేటలో కొడుకు కాపురం పెట్టిన ఇంటికి ఒక్కసారీ రాలేదు. "మోకాళ్ళ నొప్పులమ్మాయ్, మెట్లెక్కలేను" అనేది ఫోన్లో. మోకాళ్ళు నొప్పి పెడుతున్న మాట నిజమే. కానీ నొప్పి అక్కడితో ఆగిందా, చర్చికి వెళ్ళే కోడలొచ్చిందని మనసులో కూడా ఉందా? అదే జోస్నాకి అంతుపట్టేది కాదు.

"అమ్మ రెండో శనివారం వస్తానంది" అని కార్తీక్ చెప్పగానే జోస్నా ఎగిరి గంతేసింది. ఆ వెంటనే ఇల్లంతా కలియజూసి నీరుగారిపోయింది. మేడ మీద ఒంటిగది. పరుపు నేల మీదే, తిండి నేల మీదే. ఉన్న ఒక్క ప్లాస్టిక్ స్టూలూ గోడకి ఆనిస్తే తప్ప నిలబడదు. గది బయట మాత్రం బోలెడంత డాబా. అక్కణ్ణించి చూస్తే మెట్రో రైలు ఎల్బీనగర్ వైపు బొమ్మ రైల్లా పోతుంటుంది. అది పోయిన ప్రతిసారీ జోస్నా చెయ్యూపుతుంది. అటునుంచి ఎవరూ ఊపరని తెలుసు, అయినా ఊపుతుంది.

"కుర్చీ కొనేద్దాం" అన్నాడు కార్తీక్.

"కుర్చీ ఎవరైనా కొంటరు. మనమే చేసినమని చెప్తే ఎట్లుంటది? రెండు దిక్కుల చెట్ల డబ్బాలు, నడుమ కూసునే పలక. ఒక డబ్బాల పుదీన. ఇంకో దాంట్ల..." గొంతు తగ్గించింది, గోడలకి చెవులున్నట్టు. "తులసి."

కార్తీక్ ఆమె మొహంలోకి చూశాడు. తర్వాత ఇంకేం అడ్డు చెప్పలేదు.

ఎల్బీనగర్ అవతల పాత ప్యాకింగ్ చెక్కలమ్మే చోటుకి పోయి పలకలు ఏరుకున్నారు. ఆటోలో పలకలకి సీటు దొరికింది, వీళ్ళకి అంచు దొరికింది. ఆ వారమంతా ఆఫీసుల నుంచి రాగానే పని మీద పడేవారు. గరుకు కాగితంతో రుద్దితే మాసిన చెక్క కిందినుంచి తేనె రంగు బయటపడింది. జోస్నా దాన్ని చెంపకి ఆనించుకుని, "చూడు, ఎంత నున్నగైందో" అంది. కార్తీక్ చెక్కనీ చెంపనీ రెండిటినీ పరీక్షించి, చెంపకే మార్కులు వేశాడు. డబ్బాల అడుగున నీళ్ళు పోవడానికి బెజ్జాలు పెట్టారు, లోపల ప్లాస్టిక్ పట్టా పరిచారు, మన్ను నింపి, కొనుక్కొచ్చిన మొక్కలు నాటారు. అన్నీ అయ్యాక గుర్తొచ్చింది, బెంచీని నీడలోకి జరపాలని. ఇద్దరూ కలిసి తోసినా అది వెంట్రుకవాసి కదల్లేదు.

ఇంటి ఓనరు జంగయ్య నీళ్ళ ట్యాంకు చూడ్డానికొచ్చి నడుం మీద చేతులేసుకుని నిలబడ్డాడు.

"ఏందమ్మా గిది? బెంచీయా, పడవా?"

"బెంచీనే అంకుల్. మా అత్తమ్మ ఒస్తుంది."

"మీ అత్తమ్మ ఒక్కతేనా, ఊరంతటిని తోలుకొస్తుందా? జర స్లాబు చూస్కోండ్రి బిడ్డా, కింద నేనే పండుకునేది."

శనివారం రానే వచ్చింది. వేదవతి లిఫ్టు దిగి, డాబాకి పోయే ఆఖరి మెట్ల వరసని రెయిలింగు పట్టుకుని ఒక్కో మెట్టే ఎక్కింది. చేతి సంచీలో సున్నుండల డబ్బా. గది చూసింది, గిన్నెల అమరిక చూసి "బాగా సర్దావమ్మాయ్" అంది. డాబా మీదికి రాగానే బెంచీ దగ్గర ఆగిపోయింది. ఒక చివర పుదీనా గుబురు. ఇంకో చివర తులసి, కొత్త చిగుళ్ళేసుకుని.

"ఇది మీరు కూసోనీకే చేసినమత్తయ్యగారూ" అంది జోస్నా. కార్తీక్ నేర్పిన 'గారూ' జాగ్రత్తగా తగిలించింది.

వేదవతి పలకని వేళ్ళతో నిమిరింది. "ఎంత నున్నగా చేశారే!" అంది. కూర్చోలేదు. కాఫీ నిలబడే తాగింది. సున్నుండలు నిలబడే పంచింది. కుడికాలి మీది బరువు ఎడమకాలి మీదికి మార్చింది, మళ్ళీ కుడికాలి మీదికి.

"కూర్చోమ్మా" అన్నాడు కార్తీక్.

"ఫర్లేదురా. ఆటోలో కూర్చునే కదా వచ్చాను."

జోస్నా మొహం చిన్నబోయింది. గదిలో వంట చేసుకునే మూలకి పోయి గ్లాసులు కడగసాగింది, కడిగినవే మళ్ళీ. మేం చేసిన పలక మీద కూర్చోవడానికే మనసొప్పకపోతే, ఇక మా ఇంట్లో అన్నమేం తింటుంది? కార్తీక్ వెనకే వచ్చి, "అమ్మకి కొంచెం టైమివ్వు" అని గొణిగాడు.

"టైమిస్త. మరి మోకాళ్ళు ఎవరిస్తరు?" అని జోస్నా తడి చేతులతోనే బయటికి నడిచింది. ఎదురుగా నిలబడి అడిగేసింది. "అత్తమ్మా, నేను చేసిన దాని మీద కూసోనీకే మీకు మనసొస్తలేదా?"

'గారూ' ఎక్కడో రాలిపోయింది.

వేదవతి బిత్తరపోయింది. "అయ్యో, అదేం మాటే! ఎట్టా కూర్చోనమ్మాయ్? తులసమ్మని నా మోచేతి పక్కన పెట్టావు, బస్సులో పక్క సీటు మనిషిలాగా. ఆవిడ పక్కన సమానంగా కాళ్ళు చాపుకు కూర్చుంటామా? కళ్ళు పోవూ! ఎత్తు మీద పెట్టి దణ్ణం పెట్టుకోవాలి గానీ."

"మరి ముందే చెప్పొచ్చు గదా!"

"చెబితే నువ్వు నొచ్చుకోవూ? నాకోసమే వేశావని చూడంగానే తెలిసింది. తీసెయ్యమని ఏ నోటితో చెప్పను? అందుకని, పోనీలే, ఓ పూట నిలబడితే ఏం పోతుందిలే అనుకున్నాను."

జోస్నాకి ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. నవ్వే ముందు బయటపడింది. "నాకేం తెలుసత్తమ్మా! మా ఇంట్ల చెట్టంటే చెట్టే. నీళ్ళు పోస్తం, అంతే."

"ఇప్పుడు తెలిసిందిగా. కుండీ ఏదన్నా ఉందా?"

గులాబీ ఎండిపోయిన మట్టికుండీ ఉంది. వేదవతి చెంగు నడుముకి దోపి, తులసిని వేళ్ళ చుట్టూ మట్టితో సహా పెకలించి అందులో నాటింది. ఎత్తైన చోటు కోసం అందరూ చుట్టూ చూశారు. పై అంతస్తు ఎప్పుడైనా వేద్దామని జంగయ్య వదిలేసిన పిల్లరు మొద్దు ఒకటి తూర్పు మూలన నిలబడి ఉంది, నాలుగు ఇనుప చువ్వలు ఆకాశంలోకి చాచి. కార్తీక్ కుండీని ఎత్తి ఆ చువ్వల మధ్య దించాడు. కొలిచి చేసినట్టు కూర్చుంది.

ఈ సందడికి జంగయ్య పైకొచ్చాడు. "మంచిగనే ఉంది గానీ, రేపు నేను పైన ఇల్లు కడితే గీ తులసమ్మ యాడికి పోతది?"

"మీరు కట్టేలోపు మా కోడలు దానికీ ఏదో ఒకటి చేసి పెడుతుందిలెండి" అంది వేదవతి.

ఫోన్లో ఇన్నాళ్ళూ 'అమ్మాయ్' అనే పిలిచింది. జోస్నా ఆ కొత్త మాటని చెక్కలా చెంపకి ఆనించుకోవాలనుకుంది.

వేదవతి చేతులు కడుక్కుని, తులసికి దణ్ణం పెట్టుకుని, బెంచీ దగ్గరికొచ్చి మెల్లిగా కూర్చుంది. పలక కిర్రుమంది. కార్తీక్ ఊపిరి బిగబట్టాడు. ఏమీ కాలేదు. ఆమె రెండు కాళ్ళూ ముందుకి చాపి, "అమ్మయ్య!" అంది. ఆ నిట్టూర్పులో వచ్చిందగ్గర్నుంచీ నిలబడ్డ అలసటంతా ఉంది.

"ఈ ఖాళీ డబ్బాలో ఏమేస్తావే?"

"పుంటికూర ఏద్దామనుకుంటున్న."

"గోంగూరేగా! వెయ్యి. పచ్చడికి నేనే వస్తాను" అని వేదవతి పక్కకి జరిగింది. "నిలబడ్డావేం? ఇటు రా, కూర్చో."

జోస్నా కూర్చుంది. అప్పుడే దూరంగా మెట్రో పోతుంటే చెయ్యూపింది. వేదవతి ఆమె వంక వింతగా చూసి, ఎవరో తెలిసినవాళ్ళు ఉన్నారేమో అనుకుని, తనూ ఊపింది.