మేక వదిలేసిన ఆకు

ఎలీసియో ప్లాస్టిక్ పందిరి కిందికి వచ్చేసరికి ఎండ ఇంకా కొండ దిగలేదు. లోపల వెలుతురు నీళ్లు కలిపిన పాలలా పలచగా ఉంది. బయట పంటకాలువ తనలో తను గొణుక్కుంటూ పోతోంది. ఇలాంటి వేళల్లో ముసలాయనకు నిద్రకీ మెలకువకీ మధ్య గట్టు కనబడదు. ఎప్పుడో పోయిన నాయనమ్మ జెనొవేవా ఇప్పుడే ఆ మూల నుంచి లేచి వెళ్లినట్టు ఉంటుంది.

కుండీల్లో ఉన్నవి ఆవిడ నాటి మిరప రకపు మొక్కలే. నిరుడు వానలకు ఆకుమచ్చ తెగులు పట్టి చేనంతా పోయింది. మిగిలిన గింజల్లో మొలిచినవి ఈ కాసినే. వీటిలో ఒక్కటైనా తెగులుకు తట్టుకుంటే దాని విత్తనంతో మళ్లీ చేను వేయొచ్చు. లేదంటే ఈ మిరప లోయలో ఇక ఉండదు. అది తేల్చడానికే నిన్న మేనకోడలు నీవెస్ వచ్చింది. పైర్ల తెగుళ్లను పరీక్షించడం ఆ పిల్ల ఉద్యోగం. తెగులు తెచ్చే బాక్టీరియా కలిపిన నీళ్లను సూది లేని సిరంజితో ఒక్కో మొక్క ఆకులోకి ఎక్కించి, రేపొస్తాను, దేన్నీ ముట్టుకోవద్దని మరీ మరీ చెప్పి వెళ్లింది.

ఎలీసియో వంగి ఒక్కో ఆకునూ చూశాడు. అన్నీ నున్నగా, పచ్చగా ఉన్నాయి. చివరి కుండీలో మాత్రం సిరంజి ఆనిన చోట ఆకు గోధుమరంగుకు తిరిగి కాగితంలా ఎండిపోయింది. మచ్చ కనబడ్డ మొక్కను పక్కవాటికి అంటకముందే పీకెయ్యాలన్నది జెనొవేవా ఆయనకు నేర్పిన మొదటి పని. నీవెస్ మాట చెవిలో ఉంది గాని, చేతికి నాయనమ్మ మాటే గుర్తు. పీకి మేకల దొడ్లోకి విసిరేశాడు. మిగతావాటిని చూసుకుంటే ప్రాణం హాయిగా అనిపించింది.

కాసేపటికి నీవెస్ వచ్చింది.

"అన్నీ బాగున్నాయే అమ్మాయ్. ఒక్కటే చెడింది, పీకేశా."

ఆమె ఖాళీ కుండీ వైపు చూసింది. "మచ్చ ఎలా ఉంది మావయ్యా? నీరు పట్టినట్టుందా, ఎండిపోయిందా?"

"కాలినట్టుంది."

"కొంప ముంచావు. శత్రువుని గుర్తుపట్టింది అదొక్కటే. ఈ నున్నటివాటికి లోపలికి ఎవరొచ్చారో కూడా తెలీదు. రెండ్రోజులాగి చూడు, ఆకులు నీరుకారి కుళ్లిపోతాయి. అదేమో బాక్టీరియా దూరిన మేర తనే చంపేసుకుంది, అక్కణ్ణుంచి ముందుకు పాకకుండా."

"తన ఆకుని తనే చంపుకుందా?"

"కుళ్లిన నీ కాలి వేలు తీసెయ్యలేదూ? పాదం దక్కిందని సంతోషించక ఆ డాక్టర్ని ఏడాది పొడుగునా తిట్టావు."

ఎలీసియో కుంటుకుంటూ దొడ్డివైపు పరుగెత్తాడు. ముసలి మేక తీరిగ్గా నములుతోంది. దాని కాళ్ల దగ్గర వేళ్లతో సహా కాడ పడి ఉంది. పచ్చటి ఆకులన్నీ తినేసి, ఆ ఎండిన ఆకును మాత్రం ముట్టకుండా వదిలేసింది. ఆయన మోకాళ్ల మీద కూలబడి, కాడ వేళ్లకు తడి మట్టి అద్ది, దాన్ని రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. ఏడుపొచ్చింది. దాచుకోలేదు.

నీవెస్ అన్నట్టే రెండ్రోజుల్లో పచ్చటి కుండీలన్నింట్లో ఆకులు తడిసి మెత్తబడ్డాయి. ఆమె వాటిని సంచుల్లో కట్టి తీసుకుపోయింది. పందిట్లో ఇక మిగిలింది ఆయన కుండీలో తిరిగి నాటిన ఒక్క మోడు. ఎలీసియో పొద్దస్తమానం దాని పక్కనే కూర్చున్నాడు, జెనొవేవాతో మాట్లాడుతున్నాడో కలగంటున్నాడో తనకే తెలియకుండా. ఒకనాడు ఆ ఎండిన ఆకు రాలిపోయింది. అది రాలిన చోట, కాడకు ఆనుకుని, గోరంత చిగురు కనబడింది.

నీవెస్ వచ్చేసరికి ఆయన బూటు విప్పి, వేలు లేని పాదాన్ని కాలువ నీళ్లలో పెట్టుకుని కూర్చున్నాడు.

"ఆ డాక్టర్ ఇంకా ఊళ్లోనే ఉన్నాడా అమ్మాయ్?"

"మళ్లీ తిట్టడానికా?"

"కాదులే. ఆ మొక్క కాయలు ఎండాక ఒక దండ గుచ్చి ఇచ్చి రావాలి."