పక్షులు లేచిన వైపు

అన్నయ్యకు జ్వరం రావడంతో ఆ రోజు పడవ ముందు భాగాన నేను నిలబడ్డాను. చూడటానికి తేలికైన పనే. సముద్రపు పక్షులు ఎక్కడ గుంపుగా మునుగుతుంటే అక్కడ చేపలున్నట్టు. అటు చెయ్యి చాపితే నాన్న పడవను తిప్పుతాడు. వల పడేదాకా చెయ్యి దించకూడదు, నోరు మెదపకూడదు. అరిస్తే చేపలు చెదిరిపోతాయని నాన్న నమ్మకం.

"ఈ పనికి దీన్ని మించినవాళ్లు దొరకరన్నయ్యా. ఇంట్లో ఉప్పు కావాలన్నా సైగే చేస్తుంది," అన్నాడు బాబాయి.

"నువ్వు వాగేదాంట్లో సగం దానికివ్వరా, ఇద్దరూ బాగుపడతారు," అన్నాడు నాన్న.

నవ్వొచ్చి తల వంచుకున్నాను.

రెండోసారి వేసినప్పుడు వల అంచు నీళ్లలో తిరిగే ఇంజను ఫ్యానుకు చుట్టుకుంది. ఇంజను దగ్గి ఆగిపోయింది. బాబాయి నడుముకు తాడు కట్టుకుని, కత్తి తీసుకుని పడవ వెనక నీళ్లలోకి దిగాడు. తాడు రెండో కొస పట్టుకుని నాన్న అటే వంగి చూస్తున్నాడు.

"నువ్వు పక్షుల్ని చూస్తుండు అమ్మడూ," అన్నాడు తల తిప్పకుండానే.

కడుపు నిండిన పక్షులు తెల్లగా నీళ్ల మీద తేలుతున్నాయి. దూరంగా ఉన్నవి ఒక్కసారిగా లేచాయి. తర్వాత వాటికి ఇవతలివి. తర్వాత ఇంకా ఇవతలివి. ఒక్కటీ అరవలేదు. అవి లేచిన చోటల్లా నీళ్లు నల్లబడుతున్నాయి. పెనుగాలి. మా వైపే వస్తోంది.

చెయ్యి చాపాను. నాకు నేర్పింది అదే. కానీ చూసేదెవరు? నాన్న వీపు నా వైపుంది. బాబాయి తల పడవ కింద ఉంది. అల వస్తే పడవ వెనక భాగం లేచి ఆ తల మీదే పడుతుంది.

నాన్నా అన్నాను. అన్నాననుకున్నాను. పెదవులు కదిలాయి గానీ గొంతు పెగల్లేదు. బడిలో హాజరు పలకాలన్నా నాకు ఇంతే; అక్కడైతే పక్కపిల్ల నా బదులు పలికేది. ఇక్కడ నా పక్కన నీళ్లు తోడే డబ్బా తప్ప ఏమీ లేదు. దాన్నే నాన్న వీపుకేసి విసిరాను.

"ఏయ్, నీకేమైనా..." అంటూ తిరిగిన నాన్న నా చెయ్యి చూశాడు. అది చూపించేదీ చూశాడు. మాట మింగేసి తాడు లాగాడు. చొక్కా పట్టుకుని బాబాయిని లోపలికి ఈడ్చాడో లేదో గాలి తగిలింది. పడవ వెనక భాగం ఎత్తుగా లేచి, బాబాయి ఉన్న చోటే దభీమని పడింది. మళ్లీ లేచింది, మళ్లీ పడింది. నేను అంచును కరుచుకుని కళ్లు మూసుకున్నాను.

గాలి ఎంత త్వరగా వచ్చిందో అంత త్వరగానే పోయింది. బాబాయి నీళ్లు కక్కుతూ, "నోటితో చెప్పొచ్చుగా పిల్లా," అని నవ్వబోయాడు. పళ్లు టకటకలాడాయి.

వల ఇంకా ఫ్యానుకే ఉంది. ఈసారి నాన్న తాడు కట్టుకున్నాడు. పక్షులు ఏమీ ఎరగనట్టు మళ్లీ వచ్చి కూర్చున్నాయి.

"చేపలు పోతే పోనీ. ఈసారి గట్టిగా అరవాలి. ఏదీ, ఒకసారి అను, వింటాను," అన్నాడు నాన్న.

"నాన్నా!"

పక్షులన్నీ ఒక్కసారిగా లేచాయి. నా అరుపుకే అని తెలిసి కూడా, నీళ్లు నల్లబడుతున్నాయేమోనని చూస్తూ బిగుసుకుపోయాను.