లోమా ఆల్టా పై వీధికి నీళ్ళు

తల మీద సబ్బు నురగ ఉండగానే హాస్క్యూ ఇంట్లో కుళాయి ఆగిపోయింది. కాసేపు ఎదురుచూశాడు. కుళాయిని తట్టి చూశాడు, తిట్టి చూశాడు. చివరికి మోకాళ్ళ దాకా వచ్చే స్నానపు అంగీ నడుముకు బిగించి, నురగతోనే పై వీధి నుంచి కింది వీధికి దిగొచ్చి ఒఫేలియా మాయెస్ తలుపు కొట్టాడు.

ఒఫేలియా పాతికేళ్ళు ఆ కొండదారుల్లో స్కూలు బస్సు నడిపి, పని మానేసి ఇంటిపట్టున ఉంటున్న మనిషి. ఆ వసంతంలోనే లోమా ఆల్టా కాలనీ సంఘానికి అధ్యక్షురాలైంది. అంతకుముందు పదేళ్ళూ ఆ కుర్చీ హాస్క్యూదే.

"అధ్యక్షురాలా, నా అవతారం చూస్తున్నావా?" అన్నాడు గుమ్మంలో నిలబడి.

"చూస్తున్నానండీ. కళ్ళలోకి కారుతోంది, ముందు లోపలికి రండి. వంటింటి కుళాయిలో ధార బాగానే వస్తోంది."

ఒఫేలియా ఆడపడుచు దొమింగా ఉండేది పక్కింట్లోనే అయినా, పొద్దున కాఫీ మాత్రం ఎప్పుడూ ఈ ఇంట్లోనే. ఆమె కప్పు దించకుండానే, "వీధిలో నడిచేటప్పుడు మర్యాదైన దుస్తులుండాలని రూలు పెట్టింది తమరే కదండీ. మరి ఆ పిక్కల సంగతేమిటి?" అంది.

"ఆ రూలులో పిక్కల మాట లేదు," అన్నాడు హాస్క్యూ, తల కుళాయి కింద పెట్టి.

లోమా ఆల్టాలో ఉన్నవి రెండే వీధులు. కొండ నడుం మీద ఒకటి, భుజం మీద ఒకటి. నీళ్ళ ట్యాంకు రెంటికీ మధ్యలో ఉంది. దాన్ని కట్టిననాటికి పై వీధిలో ఇళ్ళు లేవు. అందుకే కింది వీధి వాళ్ళు తోటలకు నీళ్ళు పెట్టుకుంటూ ఉంటే, పై వీధి కుళాయిల్లో దారంలాగా సన్నగా జారి, అదీ ఆగిపోయేది. ఇన్నాళ్ళకు జిల్లా ఆఫీసు కొత్త పైపులూ కొత్త ట్యాంకూ వేయడానికి ఒప్పుకుంది. కొండంతా తిరిగి కొలతలు తీసిన ఇంజనీరు పిల్ల, ట్యాంకు పై వీధికన్నా ఎత్తులో ఉండాలని తేల్చింది. అంత ఎత్తులో చదునైన చోటు ఒక్కటే ఉంది. అది క్రూస్ ఆర్చిబెకే అనే ముసలాయన పాత గొర్రెల దొడ్డి. నేల గడ్డకట్టకముందే పని మొదలుకావాలి.

చిక్కల్లా అక్కడే. తొమ్మిదేళ్ళ కిందట క్రూస్ ఇంటి రేకుల కప్పు నీలం రంగులో ఉండేది. కప్పులన్నీ మట్టి రంగుల్లోనే ఉండాలని అప్పట్లో హాస్క్యూ పట్టుబట్టి దానికి గోధుమరంగు వేయించాడు. ఆనాటి నుంచి ఆ ఇంటి మనుషులు సంఘం మీటింగుకు రాలేదు. క్రూస్ మనసు విరిగిపోయిందనీ, ఆయన దగ్గరకు వెళ్తే కుక్కల్ని వదులుతాడనీ కాలనీలో అందరూ చెప్పుకునేవాళ్ళు.

ఒఫేలియా పచ్చిమిరపకాయలు కాల్చి, పంది మాంసంతో కలిపి కూర వండింది. గిన్నెకు గుడ్డ చుట్టి, కొండెక్కింది. దారి పొడవునా ఏం మాట్లాడాలో మనసులో అనుకుంటూనే ఉంది. మొండికేసిన పిల్లల్ని బస్సెక్కించడం ఆమెకు బాగా తెలుసు. ముసలివాళ్ళ అలకలే కొత్త.

క్రూస్ వాకిట్లో కట్టెలు కొడుతున్నాడు. కుక్క ఎండలో పడుకుని కన్ను కూడా తెరవలేదు.

"ఏమ్మా ఒఫేలియా, ఓట్ల కోసం వచ్చావా?"

"ఓట్లు ఎప్పుడో అయిపోయాయి బాబాయ్. స్థలం కోసం వచ్చాను. నీ గొర్రెల దొడ్డి ట్యాంకుకి కావాలి."

"తీసుకోండి. అక్కడ గొర్రెలుండి ఎన్నాళ్ళయిందని."

ఒఫేలియా దారంతా కూడబెట్టుకున్న మాటలు ఎటు పోయాయో తెలియలేదు. "మరి నీకు కోపం కదా. ఇన్నేళ్ళూ మీటింగుకి కూడా రాలేదు."

"మీటింగులో నాకు నిద్దరొస్తుందమ్మా. కోపం నాది కాదు." గొడ్డలితో ఇంటి వైపు చూపించాడు. "అదిగో, కోపం లోపల రొట్టెలు కాలుస్తోంది. ఆ దొడ్డి వాళ్ళ నాన్న ఇచ్చింది. వెళ్ళి అడుగు. ముందు కూర పెట్టు, ఆ తరవాతే మాట."

క్రూస్ భార్య అంపారో పొట్టిగా, బక్కపలచగా ఉంటుంది. నెరిసిన జడ నడుం దాటి వేలాడుతుంది. కూర గిన్నె మూత తీసి వాసన చూసింది. ఒక ముక్క నోట్లో వేసుకుంది. చెంచా కింద పెట్టింది.

"ఉప్పు తక్కువైంది. కూర్చో. దేనికోసమో నాకు తెలుసు. ఆ ఇంజనీరు పిల్ల మొన్న నా దగ్గరే కాఫీ తాగి వెళ్ళింది."

"పిన్నీ, పై వీధిలో జనం గిన్నెలు కడుక్కోవడానిక్కూడా..."

"నాకూ పై వీధే కదే తల్లీ. నా కుళాయి ఏమన్నా పొంగి పొర్లుతోందా? స్థలం ఇస్తాను. కానీ నా కప్పుకి మళ్ళీ నీలం రంగు పడాలి. కూలీలు వేయకూడదు, సంఘం వాళ్ళే వేయాలి. మొదటి బ్రష్షు హాస్క్యూ పట్టుకోవాలి."

ఒఫేలియాకు నవ్వు వచ్చింది, వెంటనే భయం కూడా వేసింది. "ఆయన ఒప్పుకోకపోతే?"

"అప్పుడు ఆయన నురగ తల, నీ వంటింటి కుళాయి," అంది అంపారో, రొట్టె తిరగేస్తూ.

ఆ వారమే మీటింగు పెట్టారు. ఫైరింజన్‌ని బయట నిలిపి, దాని షెడ్డులో కుర్చీలు వేశారు. ఒఫేలియా షరతు చదివేసరికి అందరి తలలూ హాస్క్యూ వైపు తిరిగాయి. ఆయన లేచి, కళ్ళజోడు తుడుచుకున్నాడు.

"కప్పులు మట్టి రంగుల్లోనే ఉండాలని నియమావళిలో ఉంది. నీలం మట్టి రంగు కాదు."

"నీళ్ళ రంగు కదండీ," అంది దొమింగా వెనక వరస నుంచి. "పై వీధిలో నీళ్ళెలాగూ లేవు, కనీసం రంగైనా చూసుకోనివ్వండి."

షెడ్డంతా గొల్లుమంది. హాస్క్యూ నవ్వలేదు. ముఖం ఎర్రబడింది. "నియమం మార్చుకుందాం, నాకేం పట్టింపు లేదు," అన్నాడు గొంతు తగ్గించి. "అసలు సంగతి వేరే. నాకు ఎత్తంటే భయం. కుర్చీ ఎక్కి బల్బు కూడా మార్చలేను."

అంతకుముందు ఆయన నోట అలాంటి మాట రావడం ఎవరూ వినలేదు. ఎవరూ ఎగతాళి చేయలేదు కూడా.

"నడుముకి తాడు కడదాం. నేను పక్కనే ఉంటాను," అంది ఒఫేలియా.

చేతులు లేచాయి. అన్నిటికన్నా ఆఖరున హాస్క్యూ చెయ్యి లేచింది.

అక్టోబరులో ఒక ఆదివారం. ఆస్పెన్ చెట్ల ఆకులు పసుపురంగుకు తిరిగి, బంగారం తాపడం చేసినట్టు మెరుస్తున్నాయి. క్రూస్ వాకిట్లో ఒక కుర్రాడు నిప్పుల మీద ఇనుప డ్రమ్ము తిప్పుతూ మిరపకాయలు కాలుస్తుంటే ఆ ఘాటు కొండంతా పాకింది. కింది వీధి వాళ్ళు బ్రష్షులతో, నిచ్చెనలతో వచ్చారు. తినడానికే వచ్చినవాళ్ళు గిన్నెలతో వచ్చారు. హాస్క్యూ నడుముకు కట్టిన తాడును క్రూస్ పొగగొట్టం చుట్టూ తిప్పి తన చేతిలో పట్టుకున్నాడు.

"లాగకు సుమా," అన్నాడు హాస్క్యూ, కళ్ళు మూసుకుని నిచ్చెన ఎక్కుతూ.

"తొమ్మిదేళ్ళ కిందటైతే లాగేవాణ్ణేమో. ఇప్పుడు ఓపిక లేదు. ఎక్కు."

ఒఫేలియా ఆయన పక్కన కప్పు మీద చతికిలబడి, డబ్బా మూత తీసింది. హాస్క్యూ ఒక కన్ను తెరిచి, బ్రష్షు ముంచి, మొదటి పూత వేశాడు. అది పాము పాకినట్టు వంకరగా వచ్చింది. రెండోది తిన్నగా వచ్చింది. అప్పుడు ఒఫేలియా గమనించింది: డబ్బాలో ఉన్నది పాత నీలం కాదు. దానికన్నా లేత రంగు, కొంచెం ఆకుపచ్చ కలిసినట్టుంది. దుకాణంలో పొరపాటు జరిగినట్టుంది.

కింద అంపారో నడుం మీద చేతులు పెట్టుకుని పైకి చూస్తోంది. డ్రమ్ము తిప్పే కుర్రాడు కూడా ఆపి పైకి చూశాడు.

"ఇది ఆ రంగు కాదు," అంది అంపారో.

"కాదు పిన్నీ," అంది ఒఫేలియా.

"ఇదే బాగుంది. ఆ పాత నీలం నాకెప్పుడూ నచ్చలేదు. మార్చమని మా ఆయన్ని ఎన్నాళ్ళు పోరానో."

హాస్క్యూ భయం మరిచి కప్పు అంచు దాకా వంగాడు. "నచ్చలేదా? మరి ఇన్నేళ్ళ కోపం దేనికమ్మా?"

"నా ఇంటికి రంగు నేను మార్చుకోవడం వేరు, నువ్వు వీధిలో దుర్భిణి పెట్టి చూసి మార్పించడం వేరు."

హాస్క్యూ బ్రష్షు నుంచి రంగు ఆయన బూటు మీదకు కారుతోంది. ఆయన చూసుకోలేదు. "నిజమే," అన్నాడు. "తప్పు నాదే. అడగాల్సింది."

"సరే, ఆ మూల వదిలేశావు. అది కూడా వేసి దిగు. నీకు తీసిపెట్టిన కూర చల్లారిపోతోంది."

మర్నాటి నుంచే తవ్వకం మొదలైంది. హాస్క్యూ హయాంలో సంఘం వార్తల కాగితం నిండా చెత్త డబ్బాల గురించీ, కంచెల గురించీ మందలింపులే ఉండేవి. ఒఫేలియా అందులో వార్తలు రాసింది. హాటీ బర్డ్‌వెల్ వాళ్ళ మేక కవల పిల్లల్ని ఈనింది. పైపు కాలవ మలుపు దాటింది. కాలవలో పడ్డ దొమింగా చెప్పు ఇంకా దొరకలేదు. కాగితం కోసం జనం ఆమె గుమ్మం దగ్గరికే రావడం మొదలుపెట్టారు.

ట్యాంకు రావలసిన రోజున, కాలం కాకముందే మంచు కురిసింది. రెండు ముక్కలుగా ట్యాంకును మోసుకొచ్చిన లారీ పై వీధికి ముందున్న మలుపులో ఆగిపోయి, చక్రాలు ఉన్నచోటే తిరిగాయి. డ్రైవరు దిగి, తల అడ్డంగా ఊపాడు. మంచు కరిగాక వస్తానన్నాడు. అంటే వసంతంలో.

ఒఫేలియా ఆ మలుపును కాసేపు చూసింది. "కాసేపు ఆగు బాబూ. కాఫీ తాగు," అని అతన్ని దొమింగాకు అప్పగించి, ఇంటింటికీ తలుపు కొట్టింది. "పొయ్యిలో బూడిదంతా తీసుకురండి. దారి మీద చల్లితే చక్రాలు జారవు."

పొయ్యి లేని ఇల్లు ఆ కొండ మీద లేదు. బక్కెట్లు, తొట్లు, పాత కుండలు వచ్చాయి. ఒకావిడ పిల్లల ఉయ్యాల బండి కూడా తోసుకుంటూ వచ్చింది. హాస్క్యూ తన బూడిదను జల్లెడ పట్టి తెచ్చాడు. చల్లినకొద్దీ అందరి ముఖాలూ బూడిద కొట్టుకుపోయి, ఎవరు ఎవరో పోల్చుకోవడం కష్టమైంది. అంపారో ఎవరినో భర్త అనుకుని చెయ్యి పట్టుకుని తిట్టింది. లారీ ఒకసారి జారి, నిలదొక్కుకుని, పళ్ళు కొరికినట్టు చప్పుడు చేస్తూ మలుపెక్కేసింది. డ్రైవరు హారన్ ఆపకుండా మోగించాడు. ఒఫేలియా నవ్వుతూనే బూడిద చేత్తో కళ్ళు తుడుచుకుంది, దాంతో ముఖం ఇంకా పాడైంది.

క్రిస్మస్‌కు ముందు ఒక మధ్యాహ్నం కొత్త నీళ్ళు వదిలారు. అంపారో వంటింట్లో పట్టినంతమంది నిలబడ్డారు, పట్టనివాళ్ళు కిటికీల దగ్గర గుమిగూడారు. ఆమె కుళాయి తిప్పింది. ముందు గాలి వచ్చింది. తరవాత ఎర్ర నీళ్ళు ఉమ్మింది. ఆ తరవాత ధార ఎంత బలంగా వచ్చిందంటే, తొట్టిలో ఉన్న చెంచా ఎగిరి క్రూస్ ఛాతీకి తగిలింది.

"ఇన్నాళ్ళూ నీళ్ళు రాక బతికిపోయాను," అన్నాడు క్రూస్, చొక్కా దులుపుకుంటూ.

అంపారో ధార కింద రెండు చేతులూ పెట్టి అలాగే ఉండిపోయింది. తరవాత తడి చేతులతోనే ఒఫేలియా ముఖం పట్టుకుని నుదుటి మీద ముద్దు పెట్టింది.

కొత్త ఏడాది మొదటి మీటింగుకు షెడ్డులో కుర్చీలు చాలలేదు. అంపారో మంచి శాలువా కప్పుకుని వచ్చి ముందు వరసలో కూర్చుంది. పక్కనే క్రూస్ అప్పటికే కునుకు తీస్తున్నాడు. ఈ ఏడాది అధ్యక్ష పదవికి ఎవరు నిలబడతారని ఒఫేలియా అడిగితే, అందరూ ఆమె పేరే అరిచారు. అంపారో మాత్రం లేచి నిలబడింది.

"నేను నిలబడతాను. ఈ పిల్ల చాలా అలిసిపోయింది. పైగా నాకు పని ఉంది. కింది వీధి దీపాలు వెలగవు, మూల మీద బెంచీ లేదు, ఈ షెడ్డులో చలికి నా మోకాళ్ళు పట్టేశాయి."

"బలపరుస్తున్నాను," అన్నాడు హాస్క్యూ, ఆమె మాట పూర్తికాకముందే. షెడ్డంతా చేతులు లేచాయి.

ఒఫేలియాకు భుజాల మీంచి బస్తా దించినట్టయింది. అయినా కుర్చీ వదిలేటప్పుడు మనసు ఒక్క క్షణం తటపటాయించింది, తనకే ఆశ్చర్యం వేసింది. వెళ్ళి వెనక వరసలో దొమింగా పక్కన కూర్చుంది. దొమింగా ఒళ్ళో సోంపు బిస్కెట్ల డబ్బా ఉంది.

"ఇక్కడి నుంచి అయితే ఏదైనా అనొచ్చు వదినా," అంది ఒఫేలియా గుసగుసగా, బిస్కెట్టు తీసుకుంటూ.

"ఇన్నాళ్ళూ నేను చేసిందదే కదా. నువ్వూ కానివ్వు."

ఒఫేలియా నోట్లో బిస్కెట్టు నములుతూనే చెయ్యెత్తింది. "అధ్యక్షురాలా, బెంచీకి ఏ రంగు వేయిస్తారు?"