లోపలి టైరు

ముందు కుడి టైరును బూటుకాలితో ఒక తన్ను తన్ని, చుట్టూ తిరిగి వచ్చి ఎడమ టైరును ఇంకో తన్ను తన్నాడు హన్మయ్య. తర్వాత బస్సు వెనక్కి నడిచాడు. వెనక టైర్లు రెండేసి జతగా ఉంటాయి. బయటిదొకటి, దాని చాటున లోపలిదొకటి. బయటివాటికి చెరో తన్ను పడింది. లోపలివాటి దాకా కాలు పోదు, చూపూ పోదు. లోపలిదాంట్లో గాలి పూర్తిగా దిగిపోయినా బయటి టైరు బరువంతా తన మీద వేసుకుని ఏమీ ఎరగనట్టు తిరుగుతూనే ఉంటుంది. దాని సంగతి తేలాలంటే ఇనప రాడ్డును సందులో దూర్చి కొట్టాలి. గాలి నిండుగా ఉంటే ఠంగుమని మోగి రాడ్డు చేతిలో ఎగురుతుంది. లేకపోతే తడిసిన బస్తాను కొట్టినట్టు దబ్బుమంటుంది.

ఇరవై రెండేళ్లు, మొదట లారీల మీద, ఆ తర్వాత ఈ బడి బస్సు మీద, హన్మయ్య పొద్దున్నే మొదట కొట్టింది లోపలి టైర్లనే. ఇప్పుడు మూడు వారాలుగా కొట్టడం లేదు.

నవంబరులో బడి వార్షికోత్సవానికి బ్యానరు కట్టమన్నారు. అది డ్రైవరు పని కాదు. అయినా నిచ్చెన ఎక్కాడు. కింద పట్టుకోవాల్సినవాడు ఫోనులో మాట్లాడుతున్నాడు. నిచ్చెన జారింది, తల గేటు దిమ్మెకు తగిలింది. రక్తం కూడా పెద్దగా రాలేదు. చేవెళ్ల దవాఖానలో స్కాను తీసి ఏమీ లేదన్నారు. చిన్న డాక్టరమ్మ ఒకతి మాత్రం, "సీసాల నీళ్లు కుదిపినట్టు లోపల మెదడు కుదిలింది పెద్దాయనా, అది స్కానుల కనపడది. ఆరు వారాలు బండి ముట్టొద్దు," అని కాగితం రాసిచ్చింది. ఆ కాగితం పట్టుకుని బస్సుల ఇన్‌చార్జి నవీన్ దగ్గరికి పోతే, అతను చదివి, మడత కూడా చెడకుండా తిరిగి ఇచ్చాడు.

"ఆరు వారాలంటే బడి ఓనర్ సారు ఇంకో డ్రైవర్ని పెట్టుకుంటడన్న. తలకాయ బాగలేదని ఒక్కసారి పేరు వడ్డదంటే మొయినాబాద్ల నీకు స్టీరింగ్ ఇచ్చేటోడుండడు. ఇగ నీ ఇష్టం."

వారం పడుకుని బస్సెక్కాడు హన్మయ్య.

పడిన రోజు నుంచీ కుడి కన్ను వెనకాల ఎవరో కాపురం పెట్టినట్టుంది. ఎండ పడితే పొడుస్తారు, చప్పుడైతే పొడుస్తారు. రాత్రి నిద్ర రాదు, పగలు ఆవులింతలు ఆగవు. మాటలు దొరకవు. "అది ఇయ్యి, అదే, గదే," అని భార్య ప్రమీలమ్మ మీద అరిచి అరిచి, ఆమె బండి తాళాలు తెచ్చి చేతిలో పెట్టాక తాళాలు అనే మాట గుర్తొచ్చి, ఇంకా కోపం వచ్చేది. ఆమె గిన్నెల కింద పాత చీర ముక్క పరిచి, చప్పుడు కాకుండా వంట చేయడం మొదలుపెట్టింది. దానికీ కోపమే.

"గంత మెల్లగ పెడుతున్నవేందే? నేనేమన్న చచ్చిపోతున్ననా?"

"నీకు చప్పుడైతె పడ్తలేదని..."

"నాకేమైంది? స్కాన్ల ఏం లేదన్నరు గద!"

ఊళ్లో అందరూ అన్న మాటే ఆమె మీదికి విసిరేవాడు. విసిరాక ఆమె ముఖం చూడలేక బయటికి వెళ్లేవాడు. ఇంత కోపం తన ఒంట్లో ఎక్కడుండేదో అతనికే తెలియదు. యాభై మూడేళ్లలో మనిషి మీద చెయ్యెత్తనివాడు, మొన్న కూసిందని కోడిని చెప్పుతో కొట్టాడు.

రాడ్డుతో కొట్టడం మాత్రం రెండు నెలలు మానలేదు. పళ్లు బిగబట్టి కొట్టాడు. ఒకరోజు ఆ ఠంగుమనే మోతకు కళ్లు బైర్లు కమ్మి, అక్కడే చక్రం పక్కన వాంతి చేసుకున్నాడు. మర్నాడు రాడ్డు సీటు కిందే ఉండిపోయింది.

"చెకింగ్ అయిందా అన్న?" గేటు దగ్గర నుంచి నవీన్ అరిచాడు.

"అయింది."

ఆ ఒక్క మాటే రోజూ పంటి కింద రాయిలా తగిలేది. ఇవాళా తగిలింది. హన్మయ్య బస్సెక్కి తలుపు ధడాలున వేసి, ఆ చప్పుడుకు తనే కణతలు పట్టుకున్నాడు.

బస్సులో పిల్లల్ని చూసుకునే ఆయమ్మ వసంతమ్మ. తొమ్మిదేళ్లుగా ఇదే బస్సు. ఆమె జనవరిలో ఒక ఆట కనిపెట్టింది. గండిపేట దగ్గర పిల్లలందరూ ఎక్కాక, బడి గేటు వచ్చేదాకా నోరు విప్పనివాళ్లకు చింతపండు బిళ్ల. ముప్పై ఒక్కమంది పిల్లలు బుగ్గలు ఉబ్బించి, కళ్లు పెద్దవి చేసి, ఒకరినొకరు గిచ్చుకుంటూ మౌనంగా కూర్చునేవాళ్లు. ఆ ఆట ఎవరి కోసమో హన్మయ్యకు తెలుసు. బిళ్లలు ఆమె తన డబ్బుతో కొంటోందనీ తెలుసు. ఒక్కసారైనా ఆమెతో ఆ మాట ఎత్తలేదు. ఎత్తితే తలకాయ సంగతి ఒప్పుకున్నట్టే.

ఫిబ్రవరి చివరి ఎండ అప్పుడే ముదిరింది. రోడ్డు పక్క చెట్ల సందుల్లోంచి ఎండ పడుతూ ఆగుతూ, ఎవరో కంటి ముందు లైటు వేసి ఆర్పుతున్నట్టుంది. కుడి కన్ను సగం మూసి నడుపుతున్నాడు. సరిగ్గా మలుపులో, వెనక సీట్లోంచి పుట్టినరోజు పార్టీల్లో ఊదే పీక ఒకటి కూసింది.

బస్సు ఆపాడు. లేచి వెనక్కి తిరిగాడు.

"ఎవల్ది అది? నోరు మూస్తవా, ఎత్తి బయట పారెయ్యాల్నా?"

సిరి అనే పిల్ల, మూడో తరగతి, పీక ఇంకా పెదవుల మధ్యే ఉంది. వసంతమ్మ పిల్లను ఒళ్లోకి లాక్కుని, "అన్నా, నడువు," అంది, అంతే.

తొమ్మిదిన్నరకల్లా ఫోను వచ్చింది.

"సిరి వాళ్లమ్మ లక్ష్మీకుమారి మేడం ఫోన్ చేసిందన్న. పిల్ల ఏడ్సుకుంట క్లాసుకు పోయిందట," అన్నాడు నవీన్. "ఏందన్న గిది? నువ్వు గిట్ల ఉండేటోనివి కాదు గద."

"తలకాయల దబ్బనంతోని గుచ్చినట్టయింది నవీన్. ఆ పీక..."

"మల్ల తలకాయనేనా? మూడు నెలలాయె. స్కాన్ నార్మలే గదన్న! ఊకె దాన్నే పట్టుకోకు."

హన్మయ్య ఫోను పెట్టేశాడు. చెయ్యో కాలో విరిగుంటే బాగుండేది. కట్టు కట్టుకుని తిరిగితే అందరికీ కనిపించేది. ఈ దెబ్బను ఎవరికి చూపించాలి? తల చీల్చి చూపించాలా?

మధ్యాహ్నం షెడ్డు నీడలో మొహం మీద తువ్వాలు కప్పుకుని పడుకున్నాడు. నిద్ర పట్టలేదు. వసంతమ్మ వచ్చి, తువ్వాలు మీద చల్లని నీళ్లు చిలకరించి పోయింది. ఆ చల్లదనం కాసేపు ఉంది.

సాయంత్రం బస్సు నిండుగా బయల్దేరింది. రోడ్డు పెనంలా కాలి ఉంది. గండిపేట ఇంకా మూడు మైళ్లుందనగా, దిగుడులో, వెనక ఎడమ వైపు టైరు పేలింది.

ఆ మోత చెవుల్లోంచి లోపలికి రాలేదు, నేరుగా తలలోనే పుట్టింది. కళ్ల ముందు అంతా తెల్లబడింది. బస్సు తోక ఎడమకు జారింది, పిల్లల కేకలు ఎక్కడో నీళ్ల కిందనుంచి వస్తున్నట్టున్నాయి. తల పని చేయలేదు. చేతులు చేశాయి. బ్రేకు తొక్కలేదు. స్టీరింగ్‌ను కొట్టుకోనివ్వకుండా బిగించి పట్టి, గేర్లు తగ్గిస్తూ, మట్టి అంచు మీదికి దించాడు. కల్వర్టు గోడకు జానెడు దూరంలో ముందు చక్రం ఆగింది.

కిందికి దిగి రెండడుగులు వేసి వాంతి చేసుకున్నాడు.

వసంతమ్మ పిల్లల్ని దింపి, తలలు ముట్టి లెక్కపెట్టింది. "ముప్పై ఒకటి. అందరున్నరన్న. ఒక్కనికి గూడ గీరుకుపోలే."

పోయే బండ్లు ఆగాయి. ఎవరో నీళ్ల సీసా ఇచ్చారు. "నీకు దండం పెట్టాలె డ్రైవరన్నా! ఇంకొకడైతె బ్రేకు గుద్ది బోల్తా కొట్టిచ్చేటోడు," అన్నాడు ఒక పాలవాడు. హన్మయ్య వినలేదు. పేలిన టైరు పేలికలు పక్కకు లాగి వంగి చూశాడు. లోపలి టైరు కనిపించింది. నలిగి, మడతలు పడి, రబ్బరు పొడి రాలుతోంది. అందులో దిగిన మేకు తల అరిగి మెరుస్తోంది. అది ఇవాళ్టిది కాదు. ఎన్ని రోజులుగానో గాలి లేదు. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి రాడ్డు ఆడిస్తే దబ్బుమని చెప్పేది.

"నేను కొట్టలే," అన్నాడు.

"ఎరుకే," అంది వసంతమ్మ మెల్లగా. "రోజు చూస్తనే ఉన్న. రాడ్డు తీస్తలేవు."

హన్మయ్య దిగ్గున లేచాడు. "ఎరుకైతె నోరెందుకు మూసుకున్నవు? నన్ను తిట్టకపోతివి? నవీన్‌కు చెప్పకపోతివి?"

"చెప్తె నీ నౌకరి పోతదని..."

"నా నౌకరి! గీ పోరగాండ్లు పోయేటోళ్లు వసంతక్కా! నీ చింతపండు బిళ్లలు..." మాట దొరకలేదు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఆమె మీద వచ్చిన కోపం అంతా తన మీదికే తిరిగి వచ్చి కూర్చుంది.

పావుగంటలో నవీన్ బైకు మీద వచ్చాడు. దిగుతూనే హన్మయ్యను కౌగలించుకున్నాడు. బైకు సంచిలోంచి కవరులో ఉన్న శాలువా ఒకటి తీశాడు. ముఖ్య అతిథుల కోసం ఆఫీసు బీరువాలో పెట్టే రకం.

"సారు పంపిండన్న. ఇప్పుడే ఒక ఫొటో కావాలె, వెనక బస్సు కనపడేటట్టు. పేరెంట్స్ గ్రూపుల ఏదేదో పెట్టకముందే మనం పెట్టాలె. జర బస్సు ముందట నిలవడు."

"లోపలి టైరుల గాలి లేదు నవీన్. మూడు వారాలాయె నేను రాడ్డు పట్టక. ఆ మోత నాకు పడ్తలేదు. నీకు రోజు అబద్ధం చెప్పిన."

నవీన్ చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "ఊకోన్న. షాక్ల ఉన్నవు. ఎండకు పేలింది, అంతే. నువ్వు కాపాడినవు."

"తలకాయ బాగలేదని చెప్తున్న!"

"స్కాన్ నార్మలే గద..."

హన్మయ్యకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. దెబ్బ తగిలిందంటే నమ్మరు. తప్పు చేశానంటే నమ్మరు. నవీన్ శాలువా అతని చేతిలో కుక్కి ఫోను తీస్తున్నాడు. అప్పుడే తెల్లకారు ఒకటి దుమ్ము రేపుకుంటూ వచ్చి ఆగింది. లక్ష్మీకుమారి. చెప్పులు కూడా సరిగ్గా వేసుకోలేదు. సిరిని ఎత్తుకుని, చేతులూ కాళ్లూ తడిమి చూసి, నేరుగా హన్మయ్య దగ్గరికి వచ్చి రెండు చేతులూ జోడించింది.

"పొద్దున మీ మీద ఫోన్ చేసి చెప్పానండీ. క్షమించండి. మీరు లేకపోతే నా పిల్ల..."

"అమ్మా, నాకు దండం పెట్టకు," అన్నాడు హన్మయ్య. "టైరుల గాలి లేదు. నేను చూడలే. బ్యానర్ కట్టంగ పడ్డప్పటిసంది నాకు తల పని చేస్తలేదు. చప్పుడు వింటె కక్కుడొస్తది, ఎండల సగం కనపడది. అయినా నడిపిన. మూడు నెలలు నడిపిన."

"మేడం, అన్న జర పరేషాన్ల ఉన్నడు..." నవీన్ మధ్యలోకి వచ్చాడు.

ఆమె జోడించిన చేతులు విడిపోయాయి. ముఖం ఎర్రబడింది.

"ముప్పైమంది పిల్లలండీ! ఇన్ని నెలలా? తలకి అంత దెబ్బ తగిలిన మనిషివి, ఇంట్లో పడుకోక స్టీరింగ్ పట్టుకుంటావా? బుద్ధుండక్కర్లా నీకు?" గిర్రున నవీన్ వైపు తిరిగింది. "మీకుండక్కర్లా? తెలిసే ఇచ్చారా బండి?"

"స్కానులో ఏం లేదు మేడం..."

"స్కాను కాదయ్యా, ఆ మనిషి మొహం చూడు! కళ్లు నిలుస్తున్నాయా అసలు?"

ఆమె ఇంకా తిడుతూనే ఉంది. ఆ గొంతు హన్మయ్య కణతల్లో సుత్తిలా పడుతోంది. అయినా అతను చెవులు మూసుకోలేదు. తలకి అంత దెబ్బ తగిలిన మనిషివి. మూడు నెలల్లో ఆ మాట ఇంత కోపంగా, ఇంత నిజంగా ఎవరూ అనలేదు. భుజాల మీద నుంచి ఏదో దిగినట్టయింది. తిట్లు అయిపోయేదాకా తల వంచుకుని నిలబడ్డాడు.

తర్వాత సిరి ముందు మోకాళ్ల మీద కూర్చుని, "పొద్దుగాల నీ మీద ఒర్రిన బిడ్డా. తప్పు నాదే," అన్నాడు. పిల్ల తల్లి కాళ్ల వెనక్కి జరిగింది. అతను లేచి బండి తాళాలు నవీన్ అరచేతిలో పెట్టాడు.

"ఏందన్న గిది? రేపు రావా?"

"రాను. ఎవలడిగినా ఎందుకో నేనే చెప్త."

చేతిలో మిగిలిన శాలువాను బస్సు మెట్టు మీద పెట్టి, ఎండకు అరచెయ్యి అడ్డం పెట్టుకుని, వచ్చిన దారినే నడక సాగించాడు. "అన్నా, చేవెళ్ల బస్సెక్కు, గంత దూరం నడవకు!" అని వసంతమ్మ కేకేసింది, వెంటనే చప్పుడు చేశానని నోరు మూసుకుంది. అతను వెనక్కి చూడకుండానే చెయ్యి ఎత్తాడు. దిగుడు ఎక్కి మలుపు తిరిగాడు.

ఇంకో బస్సు వచ్చి పిల్లల్ని ఎక్కించుకుపోయింది. మెకానిక్కు జాకీ బిగిస్తున్నాడు. మెట్టు మీద శాలువా విప్పని కవరులోనే ఉంది, నాలుగు మడతలూ నలగకుండా, రోడ్డు మీద పోయే ప్రతి బండి గాలికీ కవరు ఒకసారి ఉబ్బి మళ్లీ అణుగుతోంది.