కిరిసావా వాళ్ల పొగగొట్టం

కోపం వస్తే కొందరు అరుస్తారు, కొందరు గిన్నెలు విసిరేస్తారు. రాధారాణి మాత్రం గొంతు తగ్గిస్తుంది. ఆవిడ గొంతు తగ్గిందంటే ఎదుటివాడికి మూడిందన్నమాటే. ఇన్నేళ్ల సంసారంలో భీమశంకరం నేర్చుకున్న శాస్త్రమంతా ఇదే. అమెరికాలో, వాళ్లుండే హెర్న్‌డన్‌లో, పాత కెమెరాల క్లబ్బువాళ్లకి పాపం ఆ శాస్త్రం తెలీదు.

యుద్ధం తర్వాత జపాన్‌లో పుట్టి, నాలుగు రోజులు వెలిగి ఆరిపోయిన చిన్న కెమెరా కంపెనీల మీద ఆ క్లబ్బు ఒక పుస్తకం వేస్తోంది. అందులో కిరిసావా కంపెనీ అధ్యాయం రాధారాణి రాసింది. పగలంతా ఆఫీసులో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్, ఆ తర్వాత కిరిసావా. ఇంట్లో పప్పు మాడినా, పోపు మాడినా కారణం కిరిసావాయే. సవతి అయినా ఇంతకన్నా నయమని భీమశంకరం స్నేహితుల దగ్గర వాపోయేవాడు.

కంపెనీ కథ చిన్నదే. కుట్టుమిషన్లు బాగుచేసే కిరిసావా అనే ఆయన, యుద్ధం ముగిశాక, సైన్యం వదిలేసిన బైనాక్యులర్ల అద్దాలు కొనుక్కొచ్చి, సువా అనే ఊళ్లో అద్దెయింటి మేడ మీద కెమెరాలు చేయడం మొదలుపెట్టాడు. పనివాళ్లంటే భార్య, మరదళ్లు, ఇరుగుపొరుగు. మొదటి మోడల్‌ని ఎవరూ పట్టించుకోలేదు. రెండోదాన్ని అక్కడున్న అమెరికన్ సిపాయిలు కొని ఇళ్లకి పట్టుకొచ్చారు. మూడోది 'కిరి త్రీ', అన్నిట్లోకీ గొప్పది. పత్రికలో దాని ప్రకటన పడింది, ఆ వెంటనే కంపెనీ మూతపడింది. అది కాగితం మీద బొమ్మే తప్ప నిజంగా తయారు కాలేదని ఇక్కడి క్లబ్బు పెద్దలు ఏనాడో తేల్చేశారు.

కిరిసావా కూతురు సాచికోగారు ఇప్పుడు బాగా పెద్దావిడ. జపనీస్ వచ్చిన ఆఫీసు ఫ్రెండ్‌ని పక్కన కూర్చోబెట్టుకుని రాధారాణి ఆవిడతో వీడియో కాల్‌లో మాట్లాడేది. మా నాన్న కిరి త్రీ చేశాడు, కాసిని అమ్మాడు కూడా అని ఆవిడ మొదటిరోజు నుంచీ అంటూనే ఉంది. ఆ మాట నమ్మింది రాధారాణి ఒక్కతే. నమ్మినందుకు ఫలం దక్కింది. మొన్న వేసవిలో, ఎవరో పెద్దాయన పోతే ఆ ఇంటి సామాన్లు అమ్ముతున్నచోట, తుప్పుపట్టిన పనిముట్ల కింద కిరి త్రీ కనిపించింది. ఆ రోజు రాధారాణి కార్‌లో కూర్చుని కాసేపు ఏడ్చింది.

ఇప్పుడు ఆ కెమెరాని క్లబ్బు ఒప్పుకోవాలి. ఒప్పుకుంటే సాచికోగారి నాన్న గొప్ప కెమెరా చేసిన మనిషిగా పుస్తకంలోకెక్కుతాడు. లేదంటే ఆ భాగం కోసేసి, ప్రకటన వేసి చేతులెత్తేసినవాడిగా అచ్చేస్తారు.

శనివారం పొద్దున్నే సమావేశం. ఒప్పుకోవాల్సిన మనిషి వాల్టర్ ప్రూయిట్, క్లబ్బుకి పెద్దదిక్కు. ఆయన దగ్గర కిరి టూ ఉంది. ఎక్కడికెళ్లినా దాన్ని గాజుపెట్టెలో పెట్టి తెచ్చి బల్ల మీద ఉంచుతాడు. ఫ్యాక్టరీ నుంచి వచ్చాక దాని స్క్రూ ఒక్కటి కూడా ఎవరూ కదపలేదని, స్క్రూల మీద వాళ్లు వేసిన లక్క సీలు అలాగే ఉందని ప్రతి మీటింగ్‌లోనూ చెబుతాడు. ఫిల్మ్ కూడా ఎప్పుడూ వేయలేదట. నగలు చేయించి లాకర్లో పెట్టుకునే బుద్ధి మనకే సొంతం కాదు.

ప్రూయిట్ కిరి త్రీని చేతిలోకి తీసుకుని ముందుగా దాని నెత్తి మీదున్న ఎర్రమచ్చ చూశాడు. ఎవరో విప్పి గుర్తు పెట్టుకున్నట్టుందే అన్నాడు. రాధారాణి పక్కనే కూర్చున్న భర్త వైపు చూసింది. దసరాకి భీమశంకరం ఆయుధపూజ చేస్తే ఇంట్లో మిక్సీ దగ్గర్నుంచి కార్ దాకా దేన్నీ వదలడు. కెమెరాకి కూడా నిండుగా బొట్టు పెట్టాడు. తుడిస్తే రంగు పోతుందేమోనని రాధారాణి అలాగే వదిలేసింది. భీమశంకరం గోడ మీది ఫైర్ ఎగ్జిట్ బొమ్మని శ్రద్ధగా చదవసాగాడు.

అది మా ఇంటి పూజ బొట్టు అని ఆవిడ చెబితే నలుగురూ నవ్వారు. ప్రూయిట్ నవ్వలేదు. కెమెరా తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్లాడు.

ఈ కెమెరాల్లో ఫోకస్ చూసుకోవడానికి ఒక పద్ధతుంది. కంటిద్దంలోంచి చూస్తే ఎదుటి వస్తువు రెండుగా కనిపిస్తుంది. చక్రం తిప్పుతూ ఆ రెంటినీ ఒకటి చేస్తే ఫోకస్ కుదిరినట్టు. చక్రాన్ని చివరిదాకా తిప్పితే బాగా దూరాన ఉన్నవన్నీ ఒకటిగా కనిపించాలి. ప్రూయిట్ చక్రం చివరిదాకా తిప్పి టోల్ రోడ్డు అవతలి టవర్‌ని చూశాడు. టవర్ ఒకటి కాలేదు. వెంట్రుకవాసి ఎడంగా రెండు టవర్లు నిలబడ్డాయి.

ఇక ఆయన గొంతులో జాలి మొదలైంది. ఎవరో వేరే కెమెరా ముక్కలు తెచ్చి అతికించారని, ఏ కంపెనీ అయినా ఇలాంటి సరుకు బయటికి పంపదని, మోసపోవడం తప్పు కాదని, తను కూడా కుర్రతనంలో మోసపోయానని ఓదార్చాడు. కిరి త్రీ భాగం తీసేద్దాం, మిగతా అధ్యాయం బాగుంది అన్నాడు.

రాధారాణికి ఒళ్లు మండిపోయింది. ఆవిడకి జాలి సరిపడదు. కెమెరా అందుకుని తనూ చూసింది. నిజమే, రెండు టవర్లు. మోసపోయానా అనుకుంది. సాచికోగారికి ఏ ముఖం పెట్టుకుని చెప్పాలి అనుకుంది. అప్పుడు సాచికోగారి ముఖంతోపాటు ఆవిడ నవ్వుతూ చెప్పిన ఓ ముచ్చట కూడా గుర్తొచ్చింది.

మేడ మీద వాళ్లకి ఫోకస్ సరిచూసే యంత్రం ఉండేది కాదు. కిటికీలోంచి వీధి అవతల, ఊరివాళ్లకి వేణ్ణీళ్లు కాచే స్నానశాల పొగగొట్టం కనిపించేది. ఆడవాళ్లంతా కిటికీ దగ్గర కూర్చుని, చక్రం చివరిదాకా తిప్పి, ఆ పొగగొట్టం ఒకటిగా కనిపించేలా బిగించేసేవాళ్లట. వాళ్ల దృష్టిలో అదే బాగా దూరం. రాధారాణి దాన్ని సరదా కబురుగా అధ్యాయంలో ఓ మూల రాసింది.

ఆవిడ కెమెరాని టవర్ మీంచి కిందికి దించింది. పార్కింగ్ లాట్ అవతల, ఓ వీధి దాటినంత దూరంలో, జెండా కర్ర ఉంది. చక్రం ముట్టుకోలేదు. సరిగ్గా బిగించిన కెమెరాలో రెండు కర్రలు కనిపించాల్సినచోట ఒక్కటే కర్ర, నిక్కచ్చిగా నిలబడి ఉంది.

ఇదొక్కటే చాలదు. అతికించిన కెమెరా కూడా పొరపాటున ఇలా కుదరొచ్చు. కానీ రాధారాణి బతుకంతా తప్పులు పట్టే ఉద్యోగం. ఇద్దరు పిల్లలు ఒకే చోట కూర్చుని రాశారని మాస్టారికి తెలిసేది ఒప్పుల వల్ల కాదు, ఇద్దరూ చేసిన ఒకే తప్పు వల్ల.

ఆవిడ గొంతు తగ్గింది. భీమశంకరం కుర్చీలో సర్దుకుని కూర్చున్నాడు.

"వాల్టర్, మీ కిరి టూ స్క్రూలు ఎవరూ కదపలేదు కదా?"

"ఎవరూ కదపలేదు. అందరికీ తెలిసిన సంగతే."

"అయితే ఫ్యాక్టరీలో ఎలా బిగించారో ఇప్పటికీ అలాగే ఉంటుంది. ఒక్కసారి ఆ గాజుపెట్టె తీసి, అదే టవర్‌ని చూడండి."

హాలంతా ఆయన వైపు తిరిగింది. రాధారాణి ఆ కెమెరాని ఎప్పుడూ ముట్టుకోలేదు, ఎవరినీ ముట్టుకోనిచ్చేవాడు కాదాయన. చావో రేవో తేలిపోతుందనుకుంది. ప్రూయిట్ తటపటాయించి, పెట్టె తెరిచి, తన బంగారాన్ని కంటికి ఆనించాడు. చక్రం చివరిదాకా తిప్పాడు. వెనక్కి తిప్పి, మళ్లీ చివరిదాకా తిప్పాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"రెండున్నాయి" అన్నాడు చివరికి.

"ఇప్పుడు జెండా కర్ర చూడండి."

ఆయన చూశాడు. కెమెరా దించి, కిరి త్రీని అడిగి తీసుకుని దాంట్లోంచీ చూశాడు. మళ్లీ తనది, మళ్లీ ఆవిడది. అప్పుడు రాధారాణి పొగగొట్టం కథ అందరికీ వినిపించింది. రెండు కెమెరాలూ ఒకే కిటికీలోంచి, ఒకే పొగగొట్టాన్ని చూసి వచ్చాయి అంది. అతికించేవాడు అద్దం దొంగిలించగలడు గానీ పొగగొట్టాన్ని ఎలా తెస్తాడు అని అడిగింది.

ఇందాకటి జాలి ప్రూయిట్ ముఖంలో ఏ మూలా లేదు. కానీ మనిషి మర్యాదస్తుడు. తను ఇన్నేళ్లూ ఆ కెమెరాని కాపలా కాశానే గానీ ఒక్కరోజు కూడా దాంట్లోంచి చూడలేదని అందరి ముందూ ఒప్పుకున్నాడు. కిరి త్రీ పుస్తకంలో ఉంటుందన్నాడు. ఉండటమే కాదు, మొదటి పేజీలో దాని బొమ్మే వేయాలన్నాడు. చప్పట్లు భీమశంకరం మొదలుపెట్టాడు, ఆపడం ఆయన వల్ల కాలేదు.

రాధారాణికి గుండె నిండిపోయింది. సాచికోగారికి ఫొటో పంపాలనుకుంది, అది కిరి త్రీతో తీసిన ఫొటోయే కావాలనుకుంది. బ్యాగ్‌లోంచి ఫిల్మ్ తీసి ఎక్కించి, అందర్నీ బయటికి నడవమంది. ప్రూయిట్ కిరి టూని గాజుపెట్టెలో పెట్టకుండా మెడకి తగిలించుకుని వచ్చాడు.

గుమ్మం దగ్గర నిలబడి ఆవిడ చక్రాన్ని చివరిదాకా తిప్పింది. జనం ఎక్కడ నిలబడాలో తెలీక, వెనకున్న చెట్లు కూడా పడతాయని ఇంకా దూరం నడవబోయారు.

"అంత దూరం వద్దు, ఆ జెండా కర్ర దగ్గరే ఆగండి" అని కేకేసింది రాధారాణి. "కిరిసావా వాళ్ల లోకం అక్కడికే. ఆ లోకంలో ఉన్నవాళ్లని మాత్రం ఇది పొల్లుపోకుండా చూస్తుంది."