సముద్రం కుడిచేతి వైపు

చూడని ఊరికి దారి చెప్పడం అబద్ధమాడటం కిందికి వస్తుందా? ఈ అనుమానం ఎంక్వైరీ అమ్మను ఏళ్ళ తరబడి వదల్లేదు.

ఆమె అసలు పేరు ఇంట్లోవాళ్ళే మరిచిపోయారు. ఊరి బస్టాండులో ఎంక్వైరీ కిటికీ వెనక కూర్చుని బస్సుల వేళలు చెప్పడం ఆమె ఉద్యోగం. సముద్రపు ఒడ్డున ఉన్న రాజధానికి వెళ్ళే బస్సు ఆ కిటికీ ఎదురుగానే బయలుదేరుతుంది. ఎక్కేవాళ్ళలో సగం మంది కంటి జబ్బులవాళ్ళు. అక్కడి పెద్ద కంటాసుపత్రికి ఎలా వెళ్ళాలని అడుగుతారు. ఆమె తడుముకోకుండా చెప్పేస్తుంది.

"బస్టాండు బయటికి రాగానే సముద్రం కనిపిస్తుంది. దాన్ని కుడిచేతి వైపు పెట్టుకుని తిన్నగా నడవండి. ఆసుపత్రి అదే వస్తుంది."

ఈ మాట ఆమెకు ముందు ఆ కుర్చీలో కూర్చున్న పెద్దాయన నేర్పి వెళ్ళాడు. ఆమె మాత్రం రాజధాని మొహం చూడలేదు. సముద్రాన్ని క్యాలెండరు బొమ్మలో తప్ప ఎరగదు. తిరిగొచ్చినవాళ్ళు కిటికీ దగ్గర ఆగి, "చేరామమ్మా, చల్లగా ఉండు" అని దీవించి పోయేవాళ్ళు. ఆ దీవెన పుచ్చుకున్నప్పుడల్లా లోపల ముల్లు గుచ్చుకున్నట్టుండేది. పొద్దున్నే దేవుడికి దణ్ణం పెట్టుకుంటూ, "స్వామీ, చూడనిదాన్ని చూసినట్టు చెబుతున్నాను. తప్పా?" అని అడిగేది. స్వామి ఉలకడు, పలకడు. "నిన్ను మాత్రం చూశానా? పిల్లలకు నీ సంగతి చెప్పడం లేదూ?" అని తనే సర్దుకునేది. సర్దుకున్నది సాయంత్రం దాకా కూడా నిలిచేది కాదు.

ఇన్నాళ్ళకు ఆమె ఆడపడుచుకు కుడికంట్లో శుక్లం ముదిరింది. పదకొండు గంటలకు డాక్టరు చూస్తానన్నాడు. ఆ వేళ తప్పితే మళ్ళీ పిలుపు రావడానికి నెలలు పడుతుంది. "నేను తీసుకెళతాను" అని ఎంక్వైరీ అమ్మ సెలవు పెట్టింది. మరదలి కన్నూ బాగవుతుంది, తన మాట నిజమో కాదో తన కాళ్ళతోనే తేలిపోతుంది.

రాజధానిలో బస్సు దిగగానే ఆడపడుచు గొణిగింది. "బండి మాట్లాడుకుందాం వదినా."

"బండెందుకే? దారి నా నాలుక మీదుంది."

"నాలుక మీద నడిచి వెళతామా?"

"నోరుమూసుకుని నా వెంట రా."

దిగినవాళ్ళంతా ఎటు పోతుంటే అటు పోయి, ఒక గేటు దాటి బయటపడ్డారు. ఎదురుగా సముద్రం. ఎంక్వైరీ అమ్మ ఆగిపోయింది. క్యాలెండరు వాడు నీలిరంగు పులిమి పంపాడు గాని, ఇంత చప్పుడు చేస్తుందని చెప్పలేదు. గాలికి కొంగు నెత్తికెక్కింది. "చూశావా? బయటికి రాగానే కనిపిస్తుందన్నానా లేదా?" అంది, సముద్రాన్ని తానే తెప్పించినట్టు.

"కుడివైపు పెట్టుకోమంటావు, నాకు ఆ కన్నే లేదు. నీ సముద్రం నాకు చెవులకే."

"ఎడమకంటితో ఊరు చూడు, చాలు."

నడిచారు. ఉప్పుగాలికి రంగు పెచ్చులూడిన ఎత్తైన మేడలు, వాటి ఇనుప వసారాల్లో ఆరేసిన దుప్పట్లు. ఫైళ్ళు చంకలో పెట్టుకుని ఆఫీసులకు పరుగెత్తే గుమాస్తాలు. మంగలి షాపులో అద్దం మీద తేమ పేరుకుంటే, మంగలి దాన్ని తుడిచి తుడిచి గడ్డం గీస్తున్నాడు. ఎంక్వైరీ అమ్మ పుట్టి పెరిగిన ఊరిలో తిరిగినట్టు చేతులూపుకుంటూ నడిచింది. ఎదురొచ్చిన పోలీసును కూడా ఏమీ అడగలేదు. అడగడం తన వృత్తి కాదు, చెప్పడమే.

కాసేపటికి మేడలు తగ్గాయి. గుమాస్తాలు మాయమయ్యారు. పడవలు, వలలు, తారు వాసన. దారికి అడ్డంగా రేవు గోడ లేచి నిలబడింది.

"ఇదేనా ఆసుపత్రి? గోడ బాగానే కట్టారు" అంది ఆడపడుచు.

ఎంక్వైరీ అమ్మ అటూ ఇటూ చూసింది. టైము పది దాటింది. గోడ పక్కనే ఒక తాళ్ళ కొట్టు. ముసలాయన పీట మీద కూర్చుని, పడవ తాడు పురులు విప్పి, కొయ్య సూదితో రెండు కొసలనూ కలిపి అల్లుతున్నాడు. వీళ్ళను చూడగానే సూది పక్కన పెట్టేశాడు.

"కంటాసుపత్రేనా?"

"మీకెలా తెలుసు బాబాయ్?" అంది ఆడపడుచు.

"తెలియకేం! ఒక ఊరి బస్సు ఉంది, అది దిగినవాళ్ళంతా గోడకు కొట్టుకుని నా దగ్గరికే వస్తారు. అక్కడ కిటికీలో ఒక మహాతల్లి ఉందట. సముద్రం కుడిచేతి వైపు పెట్టుకోమని పంపుతుందట. సరిగ్గా నేను క్యారేజీ విప్పే వేళకు మధ్యాహ్నపు బస్సు వాళ్ళు దిగబడతారు. ఎంగిలి చేత్తో లేచి దారి చూపించడమే నా బతుకు. ఎన్నేళ్ళయిందో కుదురుగా కూర్చుని ముద్ద తిని! ఆవిడ కనబడాలి, నా భోజనాల బాకీ అడుగుతాను."

"అడుగు బాబాయ్. ఆ మహాతల్లి ఇదిగో, ఈవిడే!" ఆడపడుచు వదిన భుజం పట్టి ముందుకు తోసింది.

ముసలాయన నోరు తెరిచాడు. ఎంక్వైరీ అమ్మకు తల కొట్టేసినట్టయింది. అయినా ఆమె తల దించుకునే మనిషి కాదు.

"ముందు నా తప్పెక్కడో చెప్పండి."

ఆయన తాడు ముక్క ఒకటి తీసి నేల మీద పొడుగాటి నాలుకలా పరిచాడు. "ఇదీ ఊరు. సముద్రంలోకి పొడుచుకొచ్చింది. ఇటూ నీళ్ళే, అటూ నీళ్ళే. మధ్యలో బస్టాండు. ముందు గేటులోంచి వస్తే, కుడిచేతి సముద్రం మిమ్మల్ని ఆసుపత్రికి తీసుకెళుతుంది. వెనక గేటు తెరిచాక జనమంతా అటే వస్తున్నారు. అటు నుంచి వస్తే అదే కుడిచెయ్యి నా దగ్గరికి తీసుకొస్తుంది."

సముద్రం ఊరికి రెండు వైపులా ఉంటుందని ఆమెకు కలలో కూడా తట్టలేదు. చెరువైతే ఒక్క వైపే కదా!

"అయితే నేను ఇన్నేళ్ళూ చెప్పింది అబద్ధమేనా?"

"అబద్ధం ఎలా అవుతుందమ్మా? ఈ గోడే లేకపోతే, సముద్రాన్ని కుడివైపే పెట్టుకుని ఊరి కొస చుట్టి నడిచినా ఆసుపత్రికే చేరతారు. చుట్టుదారి, అంతే. ఇప్పుడు లేవండి, నా కొట్టు వెనక తలుపులోంచి సందు ఉంది. అవతల తేలాక..."

"సముద్రం కుడిచేతి వైపు!" అన్నారు వదినా మరదళ్ళిద్దరూ. ముగ్గురూ నవ్వారు.

తాళ్ళ చుట్టలు దాటుకుంటూ వెనక తలుపులోంచి బయటపడ్డారు. సందు చివర రెండో సముద్రం ఎండలో మెరుస్తోంది. ఎన్ని వందల కాళ్ళు ఆ కొట్టులోంచి నడిచి ఉంటాయో! ఈ గోడ సంగతి ఒక్కరూ తనకు చెప్పలేదు. ఆ దీవెనలన్నీ కిటికీ దగ్గర తాను పుచ్చుకుంది. దారి చూపించింది ఈయన. ఈ ఆలోచనతోనే ఆసుపత్రి మెట్లెక్కింది. పేరు పిలిచే వేళకు వీళ్ళు బెంచీ మీదే ఉన్నారు. డాక్టరు చూశాడు, ఆపరేషన్‌కు రోజు పెట్టాడు, కన్ను దక్కుతుందన్నాడు.

"ఇక ఇంటికే కదా వదినా?"

"ఇంకో పనుంది. నడు."

"మళ్ళీ నడకా? కన్ను దక్కింది, కాళ్ళు పోయేలా ఉన్నాయి!"

వచ్చిన సందులోంచే కొట్టులోకి అడుగు పెట్టేసరికి ముసలాయన క్యారేజీ మూత తీస్తున్నాడు. ఎంక్వైరీ అమ్మ ఆయన పీటను కొట్టు ముందుకు లాక్కుని తాను కూర్చుంది.

"మీరు లోపల కూర్చుని తినండి. కిటికీలో కూర్చోవడం నాకు కొత్తేం కాదు."

"అయ్యో, ఎందుకమ్మా..."

"తినండంటున్నాను."

రెండు ముద్దలు తిన్నాడో లేదో, కంటికి గుడ్డ కట్టుకున్న తండ్రినీ, ఆయన చెయ్యి పట్టుకున్న కూతురినీ రేవు గోడ ఆపేసింది. ముసలాయన అలవాటు కొద్దీ లేవబోయాడు. "కూర్చోండి!" అని ఎంక్వైరీ అమ్మ ఒక్క కేక వేసింది. నేల మీది తాడు ముక్కతో ఊరంతా చూపించి, వెనక తలుపు తీసి, సందు చివర మెరుస్తున్న నీళ్ళు చూపించింది. చూసిన దారి చెబుతుంటే గొంతు తనకే కొత్తగా వినిపించింది. ఇకమీదట ఇక్కడ బస్సు దిగితే ముందు గేటులోంచే బయటికి రావాలని, ఊళ్ళో అందరికీ ఆ మాట చెప్పమని కూడా చెప్పింది.

"చల్లగా ఉండు తల్లీ" అని తండ్రి చేతులు జోడించాడు.

"నాకు కాదు బాబూ. అటు తిరగండి. అదిగో, అన్నం తింటున్నాడే, ఆయనకి."

తండ్రీ కూతురూ అటు తిరిగి దణ్ణం పెట్టారు. ముసలాయన లేవలేదు. ఎడమచెయ్యి ఎత్తి సరేనన్నట్టు ఊపి, ఇంకో ముద్ద కలుపుకున్నాడు.