పదునైదు నిమిషముల సంతకము

మాఘమాస ప్రాతఃకాలము. రాత్రి యెల్ల కురిసి వెలిసిన హిమము పర్వతసానువుల నావరించి బాలభాను కిరణ స్పర్శచే పద్మరాగ ప్రభల నీనుచుండ, దేవదారు వృక్షములు ధవళభారమును మోయలేక వంగి యప్పుడప్పుడు దానిని దులుపుకొనుచుండ, మధ్యాసియాలోని యొక పర్వతనగరము అంతర్జాతీయ హిమక్రీడోత్సవ కోలాహలమున మేల్కొనుచుండెను. నగరోపరిభాగమున శిఖరము మొదలుకొని లోయ దాక దిగిన వాలుపై ఎఱ్ఱనివియు నీలివియునగు జంటకఱ్ఱలు వంకరటింకరగా నాటబడియుండెను. ఒక్కొక్క జంట యొక్కొక్క ద్వారము. పాదములకు పొడవైన పలకలు బిగించుకొని శిఖరమునుండి జాఱుచు నా ద్వారములలో నొక్కటియు తప్పక క్రిందికి వచ్చుటయే జెయింట్ స్లాలమ్ అను పందెము. దినమున రెండు పరుగులు. మొదటి పరుగున ముప్పదిమంది లోపల నిలిచినవారికే రెండవది. ఒక్క ద్వారము తప్పెనా వాని పేరు పట్టికనుండి తొలగిపోవును.

ఆనాటి పందెమున నలువదియేడవ సంఖ్య ధరించినవాడు మైలపల్లి కొర్లయ్య. శ్రీకాకుళ మండలమున భావనపాడు తీరమందు తెప్పలపై కెరటముల కెదురేగు మత్స్యకార వంశమున జన్మించి పందొమ్మిదవ యేట సైన్యమున చేరి కాశ్మీర సరిహద్దున కావలి కాయుచు అచ్చటనే మంచుపై జాఱుట నేర్చినవాడు. పెద్దకెరటము విఱుగుటకు ముందు తెప్ప నే వైపునకు త్రిప్పవలయునో బాల్యమునుండి యెఱిగిన యాతని మోకాళ్లకు హిమము పరాయిది కాలేదు. పదునొకండు వత్సరముల యభ్యాసమున నెడమకాలి యెముక రెండుమాఱులు విఱిగి రెండుమాఱులు నతుకుకొనెను. ఈ పందెమునకు మన దేశమునుండి వచ్చిన పురుషుడాతడొక్కడే.

ఆతనికి శిక్షకుడు లేడు. శిక్షకుడు కూర్చుండవలసిన విమానాసనమున కూర్చుండి వచ్చినవాడు ఆటగాండ్ర దళమునకు నాయకుడు వెల్లంకి రాజగోపాలదత్తు. మంచును పానీయపాత్రలో తప్ప మఱియొక చోట చూచి యెఱుగని యా మహాశయుడు హిమక్రీడా సమాఖ్యలో నిరువది యేండ్లుగా పదవి నుండి పదవికి ప్రాకుచు, ఆటగాండ్ర నందఱను తనకు దయాభిక్షార్థులుగా నెంచుచు, వారి పేరులను సైతము మఱచుచు, తన పేరు పత్రికలో నొక్క యక్షరము తప్పుగా పడినను సహింపని స్వభావము కలవాడు. ఆ సాయంకాలము అంతర్జాతీయ సమితిలో నొక స్థానమునకు ఎన్నిక జరుగనుండెను. దత్తు దానికి నిలిచియుండెను.

వెనుకటి సంఖ్యలవారికి పందెము సమానము కాదు. ముందు వెళ్లిన నలువదియార్గురి పలకల యంచులు నేలను కోసి కోసి మడమలోతు గాడులు చేసియుండగా కొర్లయ్య యా గాడులలో నెగిరిపడుచు దిగెను. ముప్పదియొకటవ ద్వారమున మంచుగడ్డపై పలక జాఱి పడబోయి చేయి నేల కానించి నిలదొక్కుకొని నీలికఱ్ఱను జంఘతో నొఱసికొనుచు లోపలివైపునుండియే దాటెను. క్రిందికి వచ్చిచూడగా నాతనిది యిరువదిరెండవ స్థానము. అంతకుముందు మన దేశమున నెవ్వడును రెండవ పరుగున కర్హుడై యుండలేదు. కొర్లయ్య చేతికఱ్ఱలు రెండును పైకెత్తి ఒక్కడే కేక వేసెను. ఆతనితో కేక వేయుట కచ్చట తనవాడెవ్వడును లేకుండెను.

కొంతసేపటికి పట్టిక యతికింపబడెను. నలువదియేడవ సంఖ్య కెదుట ముప్పదియొకటవ ద్వారము తప్పినందున బహిష్కృతుడని వ్రాసియుండెను.

కొర్లయ్య నిర్ణేతల గుడారమునకు పరుగెత్తి సైన్యమున నేర్చిన ముక్కల ఆంగ్లమున తాను ద్వారము దాటితినని మొఱపెట్టెను. అధ్యక్షుడు ఎర్లాన్ అనువాడు కఠినుడు కాడు గాని నియమబద్ధుడు. ఆతడొక ఫిర్యాదుపత్రమును చేతికిచ్చి యిట్లనెను. "పట్టిక యతికించినది మొదలు పదునైదు నిమిషములు గడువు. మీ దళనాయకుని సంతకముతో దీనిని తెమ్ము. అది వచ్చినచో ఆ ద్వారము కడ కాపుండి తప్పినవారి సంఖ్యలు వ్రాయు ద్వారపాలకురాలిని పిలిచి విచారింతుము. అది లేనిచో నేనేమియు చేయజాలను."

దత్తు వాలు దగ్గఱ లేడు. అరమైలు దిగువనున్న అతిథిగృహమున అద్దపుగోడల భోజనశాలలో ఆతిథేయ దేశపు పెద్దలతో ఫలాహారము చేయుచుండెను. కొర్లయ్య పలకలు విప్పక బాటవెంటనే జాఱిపోయి గుమ్మము కడ వానిని విడిచి బరువైన పాదరక్షలతో నేల దద్దరిల్ల లోనికి వచ్చి పత్రమును బల్లపై నుంచెను.

"సార్, నన్ను తప్పించేసినారు. నేను గేటు దాటినాను సార్. ఇదిగో సూడండి, కర్ర తగిలి కాలు ఎలా వాసిందో! మీ సంతకం ఒక్కటి ఎట్టండి. తొమ్మిది నిమిషాలే ఉంది."

దత్తు పెదవులు తుడుచుకొని అతిథుల వైపు చిఱునవ్వు నవ్వి తెలుగున మెల్లగా నిట్లనెను. "కొండయ్యా, కాస్త నెమ్మది. వీళ్లెవరో తెలుసా నీకు?"

"నా పేరు కొర్లయ్య సార్."

"సరేలే. వీళ్ల మీదే వీళ్ల దేశంలో ఫిర్యాదు రాయమంటావు. సాయంత్రం ఓటు వేసేది వీళ్లే. ఇంతకీ నువ్వేం గెలుస్తావయ్యా? ఇరవైరెండోవాడివి. ఇవాళ కాకపోతే ఇంకోసారి వస్తావు."

"నాకు ముప్పయ్యేళ్లు దాటిపోయాయి సార్. ఇంకోసారి ఎక్కడుంది? పతకం అడగలేదు మిమ్మల్ని. సేసిన పని సేసినట్టు రాయమంటున్నాను, అంతే."

"బయటికి వెళ్లి మాట్లాడుకుందాం. కాఫీ తాగి వస్తాను, ఉండు."

కొర్లయ్య పత్రమును తీసికొని వెలుపల నిలిచెను. అద్దముగుండ దత్తు కాఫీ త్రాగుట కానవచ్చుచుండెను. ఒక గుక్క త్రాగి యొక హాస్యము చెప్పును. వారు నవ్వుదురు. మఱల నొక గుక్క. శత్రుతుపాకుల యెదుట నదరని హవల్దారు కొర్లయ్యకు అద్దమును పగులగొట్టవలెనని పిడికిలి బిగిసెను. అద్దమును పగులగొట్టవలెనని పిడికిలి బిగిసెను. తనను గని యీ దేశమువారు మన దేశమంతయు నట్టిదే యందురని తలచి పిడికిలిని తొడకు నొక్కిపట్టెను. దత్తు వచ్చునప్పటికి గడువు తీఱి రెండు నిమిషము లయ్యెను. "అయ్యో, అయిపోయిందా!" అని యాతడు గడియారము చూచుకొనెను.

కొర్లయ్య పత్రమును మడిచి జేబున నుంచుకొని పలకలు భుజమున వైచికొని కొండ యెక్కెను.

గుడారము కడ గుల్నారా యను వృద్ధురాలు ఎర్లానుతో వాదులాడుచుండెను. ముప్పదియొకటవ ద్వారమున కాపున్నది యామెయే. కొర్లయ్యను గాంచగానే యామె మోకాళ్లపై కూర్చుండి మంచుపై వ్రేలితో నలువదియొకటి అని వ్రాసెను. ఆ దేశపు వాడుక చొప్పున ఒకటి యంకెకు పైనుండి పొడవైన తోక దింపి వ్రాసెను. చూచువారికది యేడు వలె నుండెను. తప్పినవాడు నలువదియొకటవవాడు. ఆమె వ్రాసినదానిని లెక్కగాండ్రు నలువదియేడని చదివిరి. ఆమె తన ఱొమ్ము తట్టుకొని కొర్లయ్య చేయి పట్టుకొని కన్నీరు పెట్టెను.

ఎర్లాన్ తల వంచుకొని యిట్లనెను. "సత్యము నాకిపుడు తెలిసినది. పత్రము లేక పట్టికను దిద్దు నధికారము నాకు లేదు. రెండవ పరుగునకు ముందు బాటను పరీక్షించుటకు మువ్వురు జాఱవలెను. వారిలో మొదట జాఱవలసినవానికి మోకాలు బెణికినది. నీవు పోయెదవా? సంఖ్య యుండదు. పేరుండదు."

"పోతాను," అనెను కొర్లయ్య.

శిఖరమున నిలిచి క్రిందికి చూచి యాతడు నివ్వెఱపడెను. నూతనముగా నాటిన ద్వారముల నడుమ హిమతలము గీటైనను లేక నున్నగా మెఱయుచుండెను. పదునొకండేండ్లలో నే పందెమునను ఎవ్వరును త్రొక్కని బాట యాతని కబ్బలేదు. వెలివేసిన తరువాత అబ్బినది. ఆ తలంపుతో నాతడు దూకెను. మొదటి ద్వారమును దత్తు చిఱునవ్వును చీల్చినట్లు చీల్చెను. పలకల యంచులు ఱంపములవలె ఱొదసేయ, భుజములు మంచును రాయ, కఱ్ఱలు టపటప వంగిలేవ, ఏ ద్వారమునకును దయ చూపక యే వంపునను వేగము తగ్గింపక యొక్క యుసుఱున లోయకు వచ్చిపడెను. గడియారపు యంత్రమును పరీక్షించుటకై కాలఫలకముపై నంకెలు వెలిగెను. ఒక నిమిషము తొమ్మిది సెకనులు. అన్యదేశ శిక్షకులు మాటలాడుట మాని యా యంకెలవైపు తిరిగిరి. ఎవ్వడో చప్పట్లు మొదలుపెట్టెను. అది గుంపెల్ల నలముకొనెను.

చప్పట్లున్నచోటికి దత్తు రాకుండునా? ఛాయాచిత్రకారులను వెంటబెట్టుకొని చేతులు చాచి "మనవాడు! మనవాడు!" అనుచు వచ్చెను. కొర్లయ్య చాచిన చేతులలో మడతవిప్పిన పత్రమును కలము నుంచెను.

"సంతకం ఎట్టండి సార్."

"గడువు అయిపోయింది కదయ్యా! ఇప్పుడెందుకిది?"

"ఎందుకూ పనికిరాదని నాకూ తెలుసు. ఎట్టండి. మీరు ఎట్టేదాకా నేనిక్కడ్నించి కదల్ను. వీళ్లందరికీ ఎందుకు కదల్లేదో సెప్తాను."

ఛాయాచిత్రకారులు యంత్రముల నెత్తిరి. దత్తు మొగమున నెత్తురు చుక్క లేదు. కలము రెండుమాఱులు గీయక మూడవమాఱు గీసెను. కొర్లయ్య యా పత్రమును గొనిపోయి ఎర్లానున కిచ్చెను. ఎర్లాన్ సంతకము ప్రక్కన వచ్చిన వేళను వ్రాసి కాలాతీతమని ముద్రవేసి దానిని పందెపు దస్త్రమున చేర్చెను.

సాయంకాలము దత్తు ఎన్నికయందు గెలిచెను. రెండవ పరుగున ముప్పదిమందిలో నెనమండుగురు మాత్రమే యా నిమిషము తొమ్మిది సెకనుల లోపల దిగిరి. కొర్లయ్య పేరు ఏ పట్టికయందును లేదు. న్యాయ మానాడు జరుగలేదు. ఐనను చేసినవాని పేరు లేకుండ జాఱిపోవుటకు అన్యాయమున కానాడు దారి దొరకలేదు.

అంతకు ముందు, పత్రముపై ముద్ర పడిన వేళనే శిఖరమున గంట మ్రోగెను. రెండవ పరుగున మొదటి పందెగాడు బయలుదేరి నిర్మలహిమముపై కొర్లయ్య పలకలు గీచిన జంటరేఖల వెంట మలుపు మలుపునను తిరుగుచు క్రిందికి దిగివచ్చుచుండెను.